తొమ్మిది చెట్లున్న చోటు

జూన్ 26, గురువారం

ఉదయం 11.40కి ఛార్జింగ్ స్టేషన్‌కి కరెంటు ఇచ్చారు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మొదట కాస్త గట్టిగా మూలిగింది, తర్వాత సర్దుకుంది. మెషీన్లు రెండు. నాలుగు కార్లు ఒకేసారి పెట్టుకోవచ్చు. ఇంట్లో రాత్రంతా పట్టే ఛార్జి ఇక్కడ గంటలోపే ఎక్కుతుంది.

తెరవడం మాత్రం ఇప్పుడు కాదు. స్టేషన్ పెట్టిన వెంకటకృష్ణ గారు కొబ్బరి వ్యాపారి, పట్టింపులున్న మనిషి.

"ఇవాళ్టి నుంచే ఆషాఢం అండీ జీవరత్నం గారూ. ఈ నెల్లాళ్ళూ కొత్త పని ముట్టుకోనండీ. శ్రావణం రానివ్వండి, మొదటి శుక్రవారం తెరిచేద్దాం" అన్నారు.

జూలై 25. ముహూర్తం 9.20కి. మెషీన్ల మీద నీలం బరకాలు కప్పించి తాళ్ళతో కట్టించారు. లోపల కరెంటు ఉంది. చిన్న పచ్చ దీపాలు బరకంలోంచి మసకగా కనపడుతున్నాయి.

ఇంకా ఇరవై తొమ్మిది రోజులు.

మా ఆవిడ సువర్ణ నర్సాపురంలో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు.

జూన్ 27

స్థలం సువర్ణ పేరున ఉంది. పదిహేను సెంట్లు. వాళ్ళ నాన్నగారు ఇచ్చింది. ఫిబ్రవరి 12న లీజు కాగితం మీద సంతకం ఆమే పెట్టింది. ఇది వాస్తవం.

జూన్ 29, ఆదివారం

చర్చిలో ముగ్గురు అడిగారు. అక్కకి మోకాళ్ళ నొప్పులు, సాయంగా ఉందని చెప్పాను. వాళ్ళ అక్కకి మోకాళ్ళ నొప్పులున్న మాట నిజమే.

జూలై 1

కంపెనీ ఇంజనీరు యామిని అనే అమ్మాయి. రోజూ అమలాపురం నుంచి తన కరెంటు కారులోనే వస్తుంది. తెరిచేలోగా మెషీన్లని రోజూ పరీక్షించాలట. ఒక బరకం సగం ఎత్తి, తన కారుకే తీగ తగిలించి, లెక్కలు చూసుకుంటుంది. ఇంటికి రెండు వందల గజాలే కాబట్టి నేనూ వెళ్ళి కూర్చుంటున్నాను. షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నాకోసమే వేసి ఉంచుతున్నారు.

"మీరు డిపార్టుమెంటులో చేసేరంట కదండీ?" అంది.

"ముప్పై నాలుగేళ్ళు. హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగేను. రెండేళ్ళయింది."

"అయితే మీకు ఇందులో కొత్తేముందండీ, అలా చూస్తారు?"

ఆలోచించి చెప్పాను. "కరెంటు బయటికి వెళ్ళేటప్పుడు నేను చూసినవన్నీ ఏదో ఒక చప్పుడు చేసేవి. మోటారు గానీ, మిల్లు గానీ, ఆఖరికి ఫ్యాను గానీ. ఇంత కరెంటు వెళ్తోంది, చప్పుడు లేదు."

ఆమె నవ్వి లెక్కల్లోకి వెళ్ళిపోయింది. మూడున్నరకి వాన మొదలైంది. బరకం మీద వాన, వెనక కాలువలో వాన, తారు మీద వాన మూడూ మూడు రకాలుగా వినిపిస్తాయి. మధ్యలో కారు నిండుతోంది. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. కూర్చుంటే చాలు. 4.25కి నిండింది. అప్పటిదాకా నేను ఏమనుకుంటున్నానో నాకు గుర్తులేదు.

జూలై 3

రోడ్డుకి అవతల సూర్యకాంతం గారి టిఫిన్ హోటలు. పొద్దుట అక్కడే తింటున్నాను.

"ఏమండీ జీవరత్నం గారూ, వెంకటకృష్ణ గారంటే ఆషాఢం పట్టేరు. మీరు చర్చికెళ్ళేవారు, మీకెందుకండీ ఆషాఢం?"

"నాకేం ఆషాఢమండీ?"

"మరి సువర్ణమ్మగార్ని పుట్టింటోళ్ళ దగ్గరికి పంపేరుగా. మాలో కొత్త పెళ్ళికూతుర్నయితే ఒక్క నెలే పంపుతామండీ. మీది రెండోది నడుస్తోంది."

పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇంకో రెండు ఇడ్లీ వెయ్యమంటారా? మీ ఇంట్లో పొయ్యి వెలిగిన జాడ లేదు."

వేయించుకున్నాను.

జూలై 5

మధ్యాహ్నం పన్నెండింటికి ఒక తెల్ల కారు వచ్చి స్టేషన్ ముందు ఆగింది. హైదరాబాద్ నుంచి అంతర్వేది వెళ్తున్న భార్యాభర్తలు. బండిలో ఆరు శాతం మిగిలింది.

"ఫోన్లో ఇక్కడుందని చూపిస్తోందండీ" అన్నాడు అతను, బరకాల వైపు చూస్తూ.

"ఉందండీ. ఆషాఢం వెళ్ళాక తెరుస్తారు" అన్నాను.

అతను నేను పరిహాసమాడుతున్నాననుకున్నాడు. ఆమె కారులోంచి దిగకుండానే అంది: "తాడేపల్లిగూడెంలో పెట్టుకుందామని చెప్పేనా లేదా?"

"చెప్పేవు."

"విన్నారా?"

"విన్నానుగా. వినే వచ్చేశాను."

ఆమె నవ్వింది. యామిని బరకం ఎత్తింది, పరీక్ష కింద రాసుకుంటానంది. వాళ్ళు ఇరవై నిమిషాలున్నారు. ఆమె చెప్పింది, అతను విన్నాడు, వినే వచ్చేశానని ఒప్పుకున్నాడు. అంతా ఒక నిమిషంలో అయిపోయింది. వాళ్ళు వెళ్ళాక కూడా నేను చాలాసేపు అదే చూస్తున్నట్టు ఉండిపోయాను.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం నిద్రలో కల. స్టేషన్ స్థలంలో ఉండే తొమ్మిది కొబ్బరి చెట్లూ ఎక్కడివక్కడ ఉన్నాయి. గెలలు వేలాడాల్సిన చోట నల్ల తీగలు వేలాడుతున్నాయి. కార్లు దీపాలు ఆర్పుకుని ఒక్కొక్కటే వచ్చి చెట్ల కింద నిలబడుతున్నాయి, చప్పుడు లేకుండా. సువర్ణ చిన్న బిందెతో చెట్టు నుంచి చెట్టుకి తిరుగుతోంది. నీళ్ళు పోస్తూ ప్రతి చెట్టునీ ఒకటే అడుగుతోంది. "నీకు చెప్పేరా?"

లేచేసరికి 3.50. వాన.

జూలై 8

ఆహ్వాన పత్రిక నమూనా వచ్చింది. "స్థలం యజమాని: శ్రీ జీవరత్నం గారు" అని అచ్చు వేశారు. తప్పు. చెప్పాలి.

సాయంత్రం వెంకటకృష్ణ గారు ఫోన్ చేసి కార్డు ఎలా ఉందండీ అన్నారు. బాగుందన్నాను.

జూలై 10

గోదావరి ఎర్రబడింది.

జూలై 12

సఖినేటిపల్లి రేవులో పంటు ఆపేశారు. మామూలు రోజుల్లో అది పావుగంటలో నర్సాపురం ఒడ్డున దింపుతుంది. వరద తగ్గేదాకా లేదు. కాబట్టి ఇప్పుడు నర్సాపురం వెళ్ళడం కుదరదు.

చించినాడ వంతెన మీదుగా రోడ్డుంది. బస్సులూ ఉన్నాయి. మా ఇంటి ముందు నుంచే వెళ్తాయి.

పంటు నడిచిన యాభై ఏడు రోజులూ నేను వెళ్ళలేదు. అదీ రాసి పెట్టాలి.

జూలై 13, ఆదివారం

ఆ సంతకం సంగతి. ఆమె వంటింట్లో ఉంది. కాగితం నేనే పట్టుకెళ్ళాను. చేతులు తుడుచుకుని వచ్చింది. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. పెట్టింది. ఇది కూడా వాస్తవం.

జూలై 15

వెంకటకృష్ణ గారు పొద్దుటే ఇంటికి వచ్చారు. చేతిలో కాగితాల కట్ట.

"మనం రాసుకున్నది పదకొండు నెలల లీజు కదండీ. కంపెనీ వాళ్ళు పదిహేనేళ్ళది రిజిస్టరు చెయ్యమంటున్నారు. ఇరవై ఎనిమిది సోమవారం రాజోలు రిజిస్ట్రారు ఆఫీసులో స్లాటు తీసుకున్నాను, పదకొండున్నరకి. అమ్మగారు స్వయంగా రావాలండీ, వేలిముద్ర పడాలి."

"రాలేకపోతే?"

"రాలేకపోవడమేంటండీ?" అని నవ్వారు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపారు. "పాత కాగితంతో వాళ్ళు నడపనివ్వరండీ. మెషీన్లు విప్పుకుని పట్టుకుపోతారు. ఒంట్లో బాగానే ఉన్నారా అమ్మగారు?"

"బాగానే ఉంది. ఆషాఢం వెళ్ళగానే వస్తుందండీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఆయన మాత్రం తృప్తిగా తలూపారు. "ఆయ్, అదే మంచిదండీ."

కాగితాలు పద్నాలుగు పేజీలు. బల్ల మీద ఉన్నాయి.

జూలై 16

మే 16న జరిగింది జరిగినట్టు రాస్తాను. రెండు నెలలైంది.

ఉదయం 7.15కి చెట్లు కొట్టేవాళ్ళు నలుగురు వచ్చారు. మర రంపం తెచ్చారు. సువర్ణ చప్పుడు విని ఇంట్లోంచి వచ్చింది. అప్పటికి మూడు పడిపోయాయి. నాలుగోది పడేదాకా నిలబడింది. "వీళ్ళకి ఎవరు చెప్పేరు?" అని అడిగింది. నేనే చెప్పానన్నాను. అప్పుడు నేనన్న మాట: "నువ్వే సంతకం పెట్టేవు కదా."

లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నం 1.10 బస్సుకి వెళ్ళిపోయింది. అన్నం వండి మూత పెట్టి వెళ్ళింది.

మామగారు మిషన్ స్కూలు మాస్టారు. ఆయన తాతా తండ్రీ పనిచేసినవన్నీ ఇతరుల పొలాలు. వాళ్ళ ఇంట్లో సొంత పేరున పట్టా చూసిన మొదటి మనిషి ఆయనే. ఆ పదిహేను సెంట్లు కొన్న సంవత్సరం తొమ్మిది మొక్కలు పెట్టారు. సువర్ణ అప్పుడు అయిదో తరగతి. బడికి వెళ్ళే ముందు కాలువ నీళ్ళు మోసి పోసేది. ఏ చెట్టు కాయ దేనికి పనికొస్తుందో ఆమెకి తెలుసు. మూడో చెట్టు బొండాం జ్వరం వచ్చినవాళ్ళకి. ఏడో చెట్టు కొబ్బరి పచ్చడికి. నాకు అన్నీ ఒకలాగే ఉండేవి.

ఫిబ్రవరి 12. కాగితం ఏమిటని ఆమె అడిగింది. "మీటరు లోడు పెంచే కాగితం" అన్నాను.

చెబితే వద్దంటుందని తెలుసు. అందుకే అలా అన్నాను.

ఎందుకు ఇచ్చానంటే, వెంకటకృష్ణ గారు ఇంటికి వచ్చి "రేపు పొద్దుట ఈ రోడ్డున పోయే ప్రతి బండీ మీ దగ్గర ఆగుతుందండీ" అన్నారు. రిటైరయ్యాక నా దగ్గర ఏదీ ఆగలేదు. అంతే.

జూలై 17

నిన్న రాసింది చదివాను. కొట్టేయాల్సింది లేదు.

జూలై 18, శుక్రవారం

8.05 బస్సుకి నర్సాపురం బయల్దేరాను. ఆ పద్నాలుగు పేజీలు సంచిలో పెట్టుకున్నాను.

చించినాడ వంతెన మీద బస్సు నెమ్మదిగా వెళ్ళింది. అందరూ కిటికీల వైపు లేచారు. నీళ్ళు ఎర్రగా, ఒడ్డూ దరీ తెలియకుండా ఉన్నాయి. గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా సముద్రం వైపు పోతోంది. ఒక తెప్ప మీద కొంగ నిలబడి ఉంది, ఎక్కడికో టిక్కెట్టు తీసుకున్నదానిలా. నీళ్ళని చూస్తుంటే వంతెనే కదులుతున్నట్టు, మేమే ఎగువకి కొట్టుకుపోతున్నట్టు అనిపించింది. దిగాల్సిన చోటు రాకుండా ఇలాగే వెళ్తే బాగుండుననిపించింది. అవతలి ఒడ్డు వచ్చేసింది.

9.40కి వాళ్ళ అక్క ఇంటికి చేరాను. అరుగు మీద కూర్చుని సువర్ణ లేసు అల్లుతోంది. ఒళ్ళో తెల్ల దారం ఉండ.

"రండి" అంది. లేవలేదు.

వదినగారు నన్ను చూసి, సువర్ణని చూసి, టీ పెడతానని లోపలికి వెళ్ళారు.

"మీ మెషీన్లు వచ్చేయంట?"

"వచ్చేయి. కరెంటు కూడా ఇచ్చేరు."

"బాగా పనిచేస్తున్నాయా?"

"చేస్తున్నాయి."

దారం లాక్కుని ఇంకో ముడి వేసింది. బస్సులో నాలుగు రకాలుగా అనుకుంటూ వచ్చాను. నోటికి వచ్చింది మాత్రం ఒకటే. ఫిబ్రవరిలో నీ చేత సంతకం పెట్టించిన కాగితం మీటరుది కాదు, లీజుది. నీతో అబద్ధం చెప్పేను. చెబితే వద్దంటావని చెప్పలేదు. ఇంతే అన్నాను.

"తెలుసండి" అంది.

"ఎవరు చెప్పేరు?"

"ఒకళ్ళు చెప్పేదేంటి, కాగితం మీద రాసుంటే? మాస్టారి కూతుర్ని నేను. చదవకుండా సంతకం పెడతానా? మీరు వేలు పెట్టి చూపించేరే, ఆ వేలికి పై లైన్లోనే ఉంది, చెట్లు తొలగించుటకు అభ్యంతరం లేదని."

వీధిలో సైకిల్ బెల్లు ఒకటి వినిపించింది.

"మరి ఎందుకు పెట్టేవు?"

"మర్నాడు పొద్దుట చెప్తారనుకున్నాను. చెప్పలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు చెప్తారనుకున్నాను. ఈస్టరుకి చెప్తారనుకున్నాను. మూడు నెలలు చూసేనండి. రోజూ కాఫీ ఇచ్చేటప్పుడు మీ మొహంలోకి చూసేదాన్ని. మీరు పేపరు చూసేవారు."

"అడగొచ్చు కదా."

"నేనెందుకు అడగాలి?"

లోపల్నించి వదినగారు, "మరిదిగారూ, టీలో పంచదార వెయ్యొచ్చా?" అన్నారు. వెయ్యండి అన్నాను. నాకు పంచదార పడదు.

"వెయ్యకక్కా" అంది సువర్ణ, లోపలికి చూడకుండానే. తర్వాత నాతో: "ముప్పై నాలుగేళ్ళు మీ సబ్‌స్టేషన్ గోల విన్నాను. ఎంత వానైనా, ఎవడు తొందర పెట్టినా, ఎల్.సి. నెంబరు చెప్పు, నెంబరు లేందే స్తంభం ముట్టుకోకు అని ఫోన్లో అరిచేవారు. అన్నం ముందు కూర్చుని కూడా అరిచేవారు. నా చెట్ల మీదకి నలుగుర్ని ఎక్కించేరు. నెంబరేదండీ?"

ఎల్.సి. అంటే లైన్ క్లియర్. లైనులో కరెంటు ఆపామని సబ్‌స్టేషన్ నుంచి నెంబరు ఇస్తేనే లైన్‌మన్ స్తంభం ఎక్కాలి. ఎక్కినవాడి ప్రాణం ఆ నెంబరు మీద ఉంటుంది. నా సర్వీసు మొత్తంలో నెంబరు లేకుండా ఒక్కణ్ణి ఎక్కించలేదు.



టీ వచ్చింది. తాగాక సంచిలోంచి కాగితాలు తీశాను.

"ఇదేం కాగితం?"

"పదిహేనేళ్ళ లీజు. నీ పేరున. నువ్వు రిజిస్ట్రారు దగ్గర వేలిముద్ర వేస్తేనే చెల్లుతుంది. నువ్వు కాదంటే మెషీన్లు తీసుకుపోతారు."

"తీసుకుపోతే మీకు ఇష్టమేనా?"

"ఇష్టం లేదు" అన్నాను.

ఈ మాటకి మొదటిసారి నా వైపు తిన్నగా చూసింది. "ఇప్పటికి ఒకటి చెప్పేరు" అంది. కాగితాలు తీసుకుని పేజీలు లెక్కపెట్టింది. "పద్నాలుగున్నాయి. రోజుకి రెండు చదువుతాను. తెరవడం ఎప్పుడు?"

"ఇరవై అయిదు, 9.20కి."

"ఆ పొద్దుట వచ్చి చెప్తాను. ఔనన్నా కాదన్నా అందరిముందూ నేనే చెప్తాను. కాదనొచ్చని ఆ వెంకటకృష్ణ గారికి ముందే తెలియాలి. ఆయన్ని గాల్లో ఉంచకండి."

"చెప్తాను."

"చెప్పండి మరి."

11.15 బస్సుకి తిరిగి వచ్చాను. వంతెన మీద ఈసారి నీళ్ళ వైపు చూడలేదు.

జూలై 19

వెంకటకృష్ణ గారి కొబ్బరి గోడౌన్‌కి వెళ్ళి చెప్పాను. ఆయన ఒలిచిన కాయల రాశి పక్కన స్టూలు మీద కూర్చుని విన్నారు.

"అంటే అమ్మగారికి తెలియకుండా..."

"అబద్ధం చెప్పి పెట్టించేనండీ. ఆవిడ తెలిసే పెట్టింది. అయినా నేను చెప్పింది అబద్ధమే."

"అలా అనకండి, పెద్దవారు."

"పెద్దవాణ్ణేనండీ. ఆవిడ కాదనొచ్చు. మీకు ముందే చెప్పమంది."

జారిన కాయొకటి తిరిగి రాశి మీదకి తోశారు. "మా ఇంటావిడని తీసుకుని రేపు నర్సాపురం వెళ్తానండీ. చీర పెట్టి, పళ్ళు పెట్టి..."

"ఎవరూ వెళ్ళొద్దండీ. చదువుకోనివ్వండి."

"చదువుతున్నారా?"

"రోజుకి రెండు పేజీలు."

"నేనే పూర్తిగా చదవలేదండీ ఆ కాగితం" అన్నారు. తర్వాత నెమ్మదిగా: "తప్పు నాదీ ఉందిలెండి. చెట్లు కొట్టించే ముందు అమ్మగారితో ఓ మాటనండి, ఓ మాటనండి అని మా ఇంటావిడ అంటూనే ఉంది. మగాళ్ళం మనం అనుకున్నాం కదా, అయిపోయిందనుకున్నాను."

కార్డులు పంచాలా వద్దా అన్నది తర్వాత ప్రశ్న. పంచుదామనే అన్నారు. అమ్మగారు కాదంటే వచ్చినవాళ్ళకి టిఫిన్ పెట్టి పంపేద్దాం, ఆకలితో పంపకూడదు కదండీ అన్నారు. సూర్యకాంతం గారికి రెండు వందల మందికి ఇడ్లీ, గారె చెప్పారు.

కార్డులు రెండు వందలూ ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్కొక్క దాని మీదా నా పేరు కొట్టేసి సువర్ణ పేరు రాస్తున్నాను. ఆవిడ ఔనన్నా కాదన్నా స్థలం ఆవిడదే. సాయంత్రానికి అరవై అయ్యాయి.

జూలై 20, ఆదివారం

చర్చిలో ఇద్దరు అడిగారు. మా మధ్య మాటొచ్చింది, తప్పు నాది అన్నాను. తర్వాత ఎవరూ అడగలేదు.

కార్డులు నూట నలభై.

జూలై 21

యామినికి చెప్పాను.

"అంటే ఆవిడ కాదంటే ఈ ఆరువారాల పనీ పోయినట్టేనా అండీ?"

"ఔనమ్మా."

తీగ చేతిలో పట్టుకుని ఆలోచించింది. "నేనైతే కాదనే అంటానండీ" అంది. తర్వాత తీగ కారుకి తగిలించి, ఎప్పట్లాగే లెక్కలు రాసుకుంది.

వాన లేదు. సాయంత్రం వెలుగు కాలువ మీద నుంచి వచ్చి షెడ్డు రేకుల కింద కదులుతోంది. నీళ్ళ నీడ సిమెంటు గచ్చు మీద ఆడుతుంటే, గచ్చు కింద ఇంకా నీళ్ళే ఉన్నట్టు, కుర్చీ దాని మీద తేలుతున్నట్టు ఉంది. తొమ్మిది చెట్ల చోట్లూ నాకు తెలుసు. రెండు, మెషీన్ల కింద ఉన్నాయి. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె కింద. ఇంకో మూడు, కార్లు ఆగే చోట. మూడు మాత్రం వెనక ఖాళీలో ఉన్నాయి, మొదళ్ళు ఇంకా తీయలేదు. ఒక మొదలు చుట్టూ పుట్టగొడుగులు వచ్చాయి, తెల్లగా. అక్కడే నిలబడి చాలాసేపు చూశాను.

జూలై 22

ఇవాళ్టికి పది పేజీలు చదివి ఉంటుంది.

జూలై 23

వరద తీసింది. పంటు మళ్ళీ నడుస్తోందట.

సూర్యకాంతం గారు పప్పు నానబెట్టే లెక్క వేసుకుంటూ, "రేపు అమావాస్యండీ. మీ ఆషాఢమూ అయిపోయినట్టేనా?" అన్నారు.

"నాది ఎల్లుండి తేలుతుందండీ" అన్నాను.

ఈసారి ఆవిడ నవ్వలేదు. ప్లేటులో చట్నీ ఎక్కువ వేశారు.

జూలై 24, గురువారం

సాయంత్రం 5.15కి సువర్ణ ఫోన్ చేసింది. అరవై తొమ్మిది రోజుల్లో మొదటిసారి.

"పన్నెండో పేజీలో స్థలం అంతా వాళ్ళ స్వాధీనంలో ఉంటుందని రాసేరు. వెనక ఖాళీ ఉంది కదా, ఆరు సెంట్లు. అక్కడ నేను మొక్కలు పెట్టుకోవచ్చో లేదో రాయలేదు. అడిగి చెప్పండి."

అడుగుతాను అని నోటిదాకా వచ్చింది. ఆగాను.

"నేను అడగను సువర్ణా. వెంకటకృష్ణ గారి నెంబరు చెప్తాను, రాసుకో. నువ్వే మాట్లాడు."

"చెప్పండి" అంది. చెప్పాను. తిరిగి చదివి వినిపించింది. సరిపోయింది. పెట్టేసింది.

6.05కి వెంకటకృష్ణ గారు ఫోన్ చేశారు. గొంతు తగ్గింది.

"అమ్మగారు మాట్లాడేరండీ. నలభై నిమిషాలు. మొక్కల సంగతొక్కటే అనుకున్నాను, ఏడు ప్రశ్నలడిగేరు. రెండింటికి నా దగ్గర జవాబు లేదండీ, కంపెనీ వాళ్ళని అడిగి రాత్రికి చెప్తానన్నాను. వెనక ఖాళీ మాత్రం రాసిచ్చేస్తానన్నాను."

"ఆఖర్న ఏమంది?"

"రేపు చెప్తానన్నారండీ. అంతే అన్నారు. గొంతు బట్టి ఏమీ తెలియలేదు."

"నాకూ తెలియదండీ" అన్నాను.

యామిని బరకాల తాళ్ళు విప్పి, ముడి వెయ్యకుండా వదిలి వెళ్ళింది. రిబ్బను కట్టారు. కత్తెర వెంకటకృష్ణ గారి దగ్గరుంది.

రేపటి పనులు. 6.00కి సూర్యకాంతం గారి దగ్గర నుంచి ఇడ్లీలు షెడ్డుకి చేర్చాలి. నర్సాపురంలో బస్సు 7.10కి బయల్దేరుతుంది. 8.30కి స్టేషన్ దగ్గరికి వస్తుంది. నేను ఎదురు వెళ్ళను, రోడ్డు ఇవతలే ఉంటాను. 9.20కి సువర్ణ మాట్లాడుతుంది.